ఎలక తిన్న రెండు గంటలు

గిరీంపేట మలుపులో ధనకోటి అంగడి.
పేరుకు రేడియో రిపేరు. కానీ
టార్చిలైట్లు, ఇస్తిరిపెట్టెలు, ఒకసారి
కోర్టు గుమాస్తా కట్టుడుపళ్లు కూడా బాగుచేసినాడు.
నేను టంకం కడ్డీ పట్టుకునే పిల్లోణ్ణి.
వారానికి ముప్పావలా, రోజూ ఒక టీ.

ఆ పెట్టెను దొరస్వామి మొదలారి తోపు నుంచి పంపించినాడు
బండిలో, గడ్డి మీద, బాలింతను తెచ్చినట్టు.
వెనక అట్ట విప్పితే
లోపల మైదాతో అంటించిన కాగితం.
లండన్లో ఒక బుధవారం.
తెల్లారి ఆరున్నర మొదలు అర్ధరాత్రి దాకా
ఏ గంటకు ఏం మాట్లాడతారో, ఏం వాయిస్తారో
చీమ తలకాయంత అచ్చులో.

వాల్వు మద్రాసు నుంచి రావాల. రాలేదు.
పెట్టె మూగది. మాకుండేది కాగితమే.

ధనకోటికి ఇంగ్లీషు వాల్వు మీది నంబర్ల వరకే.
నేను కూడబలుక్కొని చదివితే
ఆయన ఐదున్నర గంటలు కలిపేవాడు.
"మనకు మధ్యాన్నం పన్నెండు. వాళ్లకిప్పుడే తెల్లారతా ఉండాది.
ఏమంటారు?"
"వాన కబురు."
"లేస్తానే అదేనా! కాపోళ్లే అయితే వాళ్లూ."

నాలుక్కు ఫ్యాక్టరీ పనోళ్లకు పాటలు, ఆపకుండా అరగంట.
(ఎదురు రైస్‌మిల్లు అమ్ములు నవ్వింది:
"మాకు మిషను చప్పుడే పాట.")
ఏడున్నరకు ఆడోళ్ల మాటలు:
పాత స్వెట్టరు విప్పి కొత్తది అల్లడం,
రేషను చక్కెరతో వారం నెట్టుకురావడం.
చక్కెర రేషనంట, దొరలకి!
బెల్లంమండీ పక్కన కూర్చోని
ఆ ఒక్క ముక్కకు ధనకోటి వారం నవ్వినాడు.
తర్వాత ఒకరోజు నవ్వలేదు.

పదిన్నరకు పిల్లలకు కథ.
మిగతాది రేపంట.
మా దగ్గర ఆ రేపు లేదు. బుధవారం ఒకటే ఉంది.

వాళ్ల సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా
ఎలక తినేసింది,
గుండ్రంగా, మైదా రుచికి.
మనకది పదకొండున్నర నుంచి ఒకటిన్నర,
బెల్లం బండ్లు మండీకి దిగే పొద్దు.
"ఈ చిల్లులో ఏముంటుంది రా?"
నాకేం తెలుసు.

ఆ రాత్రి చచ్చిన పెట్టె వెనక కూర్చోని,
గొంతు సవరించుకొని, ధనకోటి మొదలుపెట్టినాడు:

"ఇది గిరీంపేట. టైము పదకొండు ముప్పై.
నీవా నది: ఇసుక. చెలమలో నీళ్లు మూరెడు.
గాలి పడమర, పొగతో. పెనం కింద ఎవరో
పచ్చి చెరుకుపిప్పి ఎగేస్తా ఉండారు.
కాణిపాకం దారిలో గుంత, ఎడమ చక్రం జాగ్రత్త.
పూతలపట్టు బండి గంగులప్పా,
నీ ఎద్దు కుంటేది ఇక్కడికి వినబడతా ఉండాది."

గంగులప్ప దిగి చూసుకున్నాడు.
గిట్టలో రాయి.

మూడో రాత్రికి పద్దెనిమిది బండ్లు ఆగినాయి.
ఒకామె, కొంగులో బిడ్డ, దిమ్మె దగ్గరకొచ్చి
"కోలారు గనిలో ఉండాడు మా ఆయన. జాబు లేదు.
బిడ్డకు పళ్లొచ్చినాయని చెప్పన్నా" అనింది.
అది యాడికీ పోదని ఆయనకు తెలుసు,
ఆమెకూ తెలుసు.
ఆ మనిషి పేరు రెండుసార్లు పలికినాడు,
ఊరుతో సహా, నిదానంగా.

పదకొండో రోజు వాల్వు వచ్చింది.
గరగర, ఈల, మళ్లీ గరగర,
బావి అడుగు నుంచి ఒక దొర గొంతు.
బండ్లోళ్లు మర్యాదకు విన్నారు.
గంగులప్ప కాసేపు చూసి
"ఈయప్ప మన గుంత సంగతే ఎత్తడే" అన్నాడు.

మొదలారి మనిషి మూడు రూపాయల పదణాలు
లెక్కబెడతా ఉంటే
ధనకోటి వెనక అట్ట బిగించబోయి ఆగినాడు.
వేలితో ఇంత మైదా తీసి
తొమ్మిది గంటల వార్తల మీద రాసినాడు.
"ఎందుకన్నా?" అంటే
"ఉండనీ" అన్నాడు.